మతం గడిలో అడ్డగీత

ఆగస్టు 2

సగటు ఆయుర్దాయపు లెక్కల ప్రకారం దీర్ఘకాలం జీవించుటకు అర్హురాలైన మేనకోడలికి,

‘చిరంజీవి’ అన్న మాటకు ఇంతవరకు ఎక్కడా ఆధారం లభించనందున దానిని మన ఉత్తరాలలో రద్దు చేసుకున్న సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ నేను క్షేమం. మీ అమ్మ క్షేమమని రాయడానికి వీలుపడలేదు. అందుకే ఈ లేఖ.

విషయం: మా అక్క, అనగా మీ అమ్మ, గుండె ఆపరేషను, అందులో తలెత్తిన ఒక పాలనాపరమైన చిక్కు.

పోయిన గురువారం ఈతకొలను గట్టున పిల్లలచేత ఊపిరి బిగబట్టిస్తూ మీ అమ్మ ఉన్నట్టుండి కూలబడింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి అన్న మొదటి మాట: “పడింది గట్టు మీదే కదా? నీళ్ళలో కాదు కదా? అయితే పరువు దక్కింది.” గుండెలో కవాటం ఒకటి పాడయిందట. ఈ నెల ఇరవయ్యారున మారుస్తారు. పదిమందికి చేస్తే తొమ్మిదిమంది లేచి నడుస్తారని సర్జను చెప్పాడు. “ఆ పదో మనిషెవరో ముందే చెప్పేస్తే బాగుండు డాక్టరు గారూ, ఆ పూటకి వాడు హాయిగా ఏదైనా తినేవాడు” అంది మీ అమ్మ. సర్జను నవ్వలేదు. నవ్వని సర్జనే నయమని నేను సమాధానపడ్డాను.

చిక్కు ఇది. ఈ ఆసుపత్రిలో గుండె రోగులను ముందురోజు సాయంత్రమే అద్దాల తలుపున్న ఒక వార్డులోకి మారుస్తారు. అక్కడికి బంధువులకు ప్రవేశం లేదు. బంధువులు ఏడుస్తారు, ముట్టుకుంటారు, క్రిములు తెస్తారు. అయితే రోగి మతానికి చెందిన పెద్ద ఒకరు చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, ఒక గంట మంచం పక్కన స్టూలు మీద కూర్చోవచ్చు. ఆయనను ‘సాంత్వనకర్త’ అంటారు. సాంత్వనకర్తల వద్ద క్రిములు ఉండవని ఆసుపత్రి వారి విశ్వాసం.

మీ అమ్మను చేర్చుకునేటప్పుడు హెడ్ నర్సు మతం అడిగింది.

“గీత కొట్టండి” అంది మీ అమ్మ.

“ఏదో ఒకటి చెప్పండమ్మా. గీత కొడితే ఆ సాయంత్రం మీ దగ్గరికి ఎవరూ రారు.”

“ఇన్నేళ్ళుగా రానివాడు ఆ సాయంత్రం మాత్రం వస్తాడా? కొట్టండి గీత.”

నర్సు గీత కొట్టి వెళ్ళింది. అప్పుడు మీ అమ్మ దుప్పటి సవరించుకుంటూ, నా వైపు చూడకుండా, “ఒరే సర్క్యులర్, ఆ గంట తల్చుకుంటే నాకు భయంగా ఉందిరా” అంది. మా అక్క నోట ‘భయం’ అనే మాటను నేను ఇంతకు ముందు వినలేదు. లోతు మడుగులోకి నన్ను తోసేసిన రోజున కూడా ఆ మాట నేనే అన్నాను.

తక్షణం సూపరింటెండెంటును కలిసి మన నాస్తిక మిత్రసంఘం సంగతి చెప్పాను. మర్యాదస్తుడు. “మీ సంఘాన్నీ జాబితాలో చేర్చుకుంటానండీ, నాదేం పోయింది? అలాంటి సమయంలో మీవాళ్ళు ఏం నమ్ముతారో ఒక్క పేజీ రాసి, సభ్యులందరి సంతకాలతో ఇరవయ్యో తారీకు లోపు ఇవ్వండి” అన్నాడు.

సంఘంలో నాతో కలిపి ఆరుగురమే. కార్యదర్శిని నేను. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో డిప్యూటీ రిజిస్ట్రారుగా తల పండినవాడికి ఒక పేజీ ఒక లెక్కా? ఆ గంట మీ అమ్మ ఒంటరిగా ఉండదు. స్టూలు మీద నేను ఉంటాను. ఇది హామీ.

నిరాధారమైన ధైర్యం చెప్పే అలవాటు లేని,
మామయ్య


ఆగస్టు 9

సర్క్యులర్ మామయ్యకు,

ఉత్తరం పడవలో అందింది. చదివి మెట్ల మీద కూర్చున్నాను. మళ్ళీ చదివాను. తరవాత వెళ్ళి గాలి వేగం రాసుకున్నాను, ఎందుకంటే వేళయింది.

నేను రాలేను మామయ్యా. ఇది ముందు రాసేస్తే మిగతాది రాయడం తేలిక. ఈ దీవి మీద వాతావరణ కేంద్రానికి ఇద్దరం ఉండాలి. రెండోవాడు కాలు విరగ్గొట్టుకుని పోయిన పడవలో ఒడ్డుకు వెళ్ళాడు. బదులు మనిషిని పంపుతామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. ఈదురుగాలుల కాలం. తెల్లారేసరికి చేపల పడవలవాళ్ళు నేను ఎగరేసే జెండా రంగు చూసి కదులుతారు. వైర్లెస్సు గాలివానల సంగతులకే తప్ప గుండెల సంగతులకు వాడకూడదని నిబంధన. కాబట్టి నాకు మిగిలింది నువ్వూ నీ ఉత్తరాలూ.

ఇక నీ హామీ సంగతి. మీ ఆరుగుర్నీ నేను ఎరుగుదును. చిన్నప్పుడు మీ సమావేశాల్లో ఒక మూల కూర్చుని బిస్కెట్లు తిన్నదాన్ని. టీలో పంచదార ఎంత వేయాలన్న దాని మీదే మీకు ఏకాభిప్రాయం కుదరక ఎవరి పంచదార వాళ్ళు తెచ్చుకునేవారు. అమ్మ ఒక్కసారి కూడా మీ గుమ్మం తొక్కలేదు. “లేనిదాని గురించి వారం వారం సమావేశం దేనికే?” అనేది.

మీరు పేజీ రాయలేరు. అందుకని చెప్తున్నా, కోపం తెచ్చుకోకు. ఆ గడిలో ఏదో ఒక మతం రాయించు. ఏదైనా సరే, దయగల మనిషిని పంపే మతమైతే చాలు. ఎవరో ఒకరు ఆ స్టూలు మీద కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంటే చాలు. అబద్ధం నా పేరు మీద రాసుకో. రోజూ పొద్దున్నే ‘వాన పడే అవకాశం డెబ్బై శాతం’ అని చెప్పి బతికేదాన్ని, తక్కిన ముప్ఫై శాతాన్ని ఎలాగోలా మోయగలను.

అమ్మకు నేను బాగున్నానని చెప్పు. అది నిజం కాకపోయినా చెప్పు.

నీ మేనకోడలు


ఆగస్టు 13

మేనకోడలికి,

సూచిక: నీ 9వ తేదీ లేఖ, చివరి నుండి రెండవ పేరా.

పై పేరాను నేను కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివాను. ఒంటరి దీవి, హోరుగాలి, మాట్లాడే మనిషి లేకపోవడం: ఇటువంటి పరిస్థితులలో మానవులు విశ్వాసులుగా మారిన ఉదంతాలు చరిత్రలో లేకపోలేదు. నీవు ఏ తేదీ నుండి, ఏ మతంలో, ఎవరి ప్రోద్బలంతో చేరావో తెలియజేయగలవు. నేను కోప్పడను. ఆధారాలు మాత్రం అడుగుతాను.

ఇక సమావేశాల వివరం. ఇప్పటికి మూడు జరిగాయి.

నేను ప్రవేశపెట్టిన తొలి వాక్యం: ‘దేవుడు లేడు.’ రెండే మాటలు. టీ వచ్చేలోపు ఆమోదం పొందుతుందనుకున్నాను.

జువాలజీ లెక్చరరు చెయ్యెత్తాడు. “‘లేడు’ అని ఎలా రాస్తారు సార్? ‘ఉన్నట్టు ఇంతవరకు ఆధారం దొరకలేదు’ అనండి. సైన్సు సైన్సే.”

అతని మాట పూర్తి కాకుండానే దర్జీ ఒంటికాలి మీద లేచాడు. “లేడంటే నేను సంతకం పెట్టనండీ. నా కూతురు పోయిన రోజునే ఆయన్ని పనిలోంచి తీసేశాను. లేనివాణ్ణి ఎలా తీసేస్తాను? ఉన్నాడు, పొమ్మన్నాను, పోయాడు. అలా రాసుకోండి.”

అచ్చు కార్మికుల యూనియన్ నాయకుడి దృష్టిలో అసలు సమస్య ఇది కాదు. యజమానులు పోతే దేవుడు తనంతట తానే పోతాడట. కనుక పేజీలో మూడు వంతులు ఆసుపత్రి జీతాల గురించి ఉండాలట.

ధ్యానం నేర్పే టీచరమ్మ మృదువుగా మాట్లాడింది. నిజానికి మాకు ఎక్కువ నష్టం మృదువుగా మాట్లాడేవారి వల్లే జరుగుతుంది. “సృష్టికర్త లేడు, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ మళ్ళీ పుడుతుంది కదా. ఆ మాట ఒక్కటి చెప్తే ఎంత హాయిగా ఉంటుంది!”

“ఏ జీవిగా పుడుతుంది మేడమ్?” అన్నాడు లెక్చరరు.

“అది ఆవిడ చేసిన పనుల్ని బట్టి.”

“ఈత నేర్పింది కాబట్టి చేపగానా?”

ఈ దశలో పావుగంట విరామం ప్రకటించవలసి వచ్చింది.

విరామం తరువాత రిటైరైన లారీ డ్రైవరు నా వాక్యాన్ని సంపూర్ణంగా సమర్థించాడు. నా గుండె తేలికపడింది. “దేవుడు లేడండీ. అందులో నాకు అనుమానమే లేదు. రాత్రిళ్ళు అన్నేళ్ళు బండి తోలాను, ఒక్కసారి కూడా కనబడలేదు. దయ్యాలంటారా, అవి చాలాసార్లు కనబడ్డాయి. అది వేరే డిపార్టుమెంటు.”

సంఘం గౌరవం దృష్ట్యా అతన్ని సభ్యత్వం నుండి తొలగించాలని అక్కడికక్కడే తీర్మానం ప్రతిపాదించాను. “వారం వారం ప్రార్థన మందిరానికెళ్ళి గొంతెత్తి పాడొచ్చే లెక్చరరు గారిని ఉంచుకుని నన్ను తీసేస్తారా?” అన్నాడు డ్రైవరు. లెక్చరరు ముఖం కందిపోయింది. “అది రాగం కోసం వెళ్తాను. స్వరపేటిక ఒక కండరం. కండరానికి మతం ఉండదు.” తొలగింపు తీర్మానం చర్చలో ఉండగా గదికి తాళం వేసే వేళయింది.

స్థూలంగా, ఇప్పటివరకు ఏకగ్రీవంగా ఆమోదం పొందినది తదుపరి సమావేశపు తేదీ ఒక్కటే. అయినా హామీ హామీయే. గడిలో మరో మాట రాయించే ప్రసక్తి లేదు.

మామయ్య


ఆగస్టు 17

మామయ్యా,

నేను ఏ మతంలోనూ చేరలేదు. నేను కూతుర్ని. ఆ శాఖ మీ సంఘం జాబితాలో లేనట్టుంది.

అమ్మ గుండె ఆగిపోబోతుంటే నువ్వు దయ్యాల మీద ఓటింగు పెట్టావు! అది చదివి నాకు నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులో ఉష్ణోగ్రత తప్పు రాసి కొట్టేశాను. నీకు అక్క కంటే ఆ అడ్డగీత ఎక్కువైంది. నలభై ఏళ్ళు నమ్మినదాన్ని ఒక్క సాయంత్రం పక్కన పెట్టలేవు. గుళ్ళూ గోపురాలూ పట్టుకు తిరిగేవాళ్ళని మూఢులంటావు. వాళ్ళు కనీసం మంచం పక్కకి వస్తారు.

నీ అనుమతి లేకుండా ఒక పని చేశాను. ఇదే పడవలో హెడ్ నర్సు గారికి విడిగా ఉత్తరం పంపుతున్నాను. ‘నేను రోగి కూతురిని. దయచేసి మతం గడిలో మీకు తోచింది రాసి, ఎవరినైనా మా అమ్మ దగ్గరికి పంపండి’ అని రాశాను. మీ పేజీ తయారయ్యేసరికి గడువు ఎలాగూ దాటిపోతుంది.

ఇది చదివాక నన్ను కూడా తొలగించే తీర్మానం పెట్టుకో. సమర్థించడానికి కనీసం ఒకరైనా దొరుకుతారు, టీచరమ్మ మాత్రం నేను ఇంకో జన్మలో బాగుపడతానంటుంది.

మేనకోడలు


ఆగస్టు 21

మేనకోడలికి,

నీ ఉత్తరమూ, హెడ్ నర్సుకు నీవు రాసిన ఉత్తరమూ ఒకే పూట చేరాయి. ఆ రెండవ దానిని ఆమె తిన్నగా మీ అమ్మ చేతిలో పెట్టింది. కాబట్టి తరువాతి వాక్యాలు మీ అమ్మవి. నేను ఒక అక్షరమైనా మార్చలేదు.

“దానికి రాయి. గీత కొట్టమన్నది నేను, మామయ్య కాదు. వాడు రెండుసార్లు నా దగ్గరికొచ్చి ‘అక్కా, పోనీ ఏదో ఒకటి రాయిద్దామా’ అని నీళ్ళు నమిలాడు. తిట్టి పంపించాను. గాలివాన వస్తుంటే, పాపం పిల్లలు గలవాడని ఒక జాలరిని చూసి అది జెండా రంగు మారుస్తుందా? మార్చదు. నేనూ మార్చను. భయం నాది. భయపడ్డానని నేను వేరే మనిషినైపోవాలా?”

ఆ రెండుసార్ల సంగతి నీకు తెలియకూడదనుకున్నాను. సంఘానికి తెలిస్తే నా పదవికే ముప్పు.

ఇప్పుడు పేజీ సంగతి. ఆఖరి సమావేశం పంతొమ్మిదిన. వాక్యం తరువాత వాక్యం పడిపోయింది. నా తల ప్రాణం తోకకు వచ్చింది. ‘మరణం అంతం’ అంటే టీచరమ్మ ఒప్పుకోదు. ‘మంచితనమే మన దారి’ అంటే, ఏ వర్గం మంచితనమని యూనియన్ నాయకుడు. ‘ప్రేమ శాశ్వతం’ అంటే, హార్మోను ఎంతసేపు ఉంటుందో లెక్చరరు చెప్పబోయాడు. అందరం గొంతు బొంగురుపోయి కూర్చున్నాం. అప్పుడు దర్జీ, మెడలోని కొలత టేపును చుట్టుకుంటూ, మామూలుగా అడిగాడు: “ఇంతకీ ఆవిడ దగ్గరికెళ్ళి కూర్చోమంటే ఎవరెవరు వెళ్తారండీ?”

ఇది తీర్మానం కాదు. ప్రతిపాదించినవారు లేరు, బలపరిచినవారు లేరు. అయినా ఆరు చేతులు లేచాయి. నాది కూడా లేచి ఉందని నేను ఆలస్యంగా గమనించాను.

ఆ రాత్రికి రాత్రే పేజీ పూర్తయింది. ఇదీ పూర్తి పాఠం: ‘మాలో ఏ ఇద్దరమూ ఒకే సంగతిని నమ్మము. భయపడుతున్న మనిషి పక్కన వెళ్ళి కూర్చోవడానికి అది ఎవరికీ అడ్డు రాలేదు.’ ఆరు సంతకాలు. దానితో పాటు ‘భయపడుతున్న’, ‘నమ్మము’, ‘మనిషి’ అనే పదాల మీద సభ్యుల అసమ్మతి పత్రాలు పదకొండు పేజీలు.

సూపరింటెండెంటు కట్టను చేతిలో ఎత్తి చూశాడు. “మిగతా మతాలవాళ్ళకీ తగాదాలున్నాయండీ. కాకపోతే వాళ్ళు వాటిని జతపరచరు.” మొదటి పేజీ ఉంచుకుని మిగిలినవి నాకు తిరిగి ఇచ్చాడు. సంఘం జాబితాలోకి ఎక్కింది. మేము గెలిచాం.

ఆ తరువాత పొరపాటు జరిగింది. జరిగింది అనడం అధికార భాష, నేనే చేశాను. సాంత్వనకర్తగా నా పేరిచ్చే కాగితం అడుగున, ఎవరూ అడగకపోయినా, ‘దరఖాస్తుదారు రోగికి స్వయానా తమ్ముడు, ఈ విషయం దాచబడలేదని గమనించగలరు’ అని రాశాను.

ఆయన చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. “నేను అడగలేదు కదండీ.”

“అడగకపోయినా నిజం నిజమే కదండీ.”

“అయితే బంధువుని పంపకూడదన్న రూలూ రూలే కదండీ. ఇది రాయకపోతే నేను చూసేవాణ్ణే కాదు. రాశారు. చూశాను.”

నా జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని మింగేస్తే బాగుండుననిపించింది. వెళ్ళి మీ అమ్మకు చెప్పాను. నవ్వి నవ్వి మానిటరు మోగింది, నర్సు పరుగెత్తుకొచ్చింది. “నువ్వు తప్ప ఇంకెవడూ ఇలా ఇరుక్కోలేడురా” అంది. మిగిలిన ఐదుగురిలో ఎవరు కావాలో చెప్పమన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఆ దయ్యాలాయన్ని పంపు.”

“అక్కా! ఆయన మీద తొలగింపు తీర్మానం పెండింగులో ఉంది. లెక్చరరు ఉన్నాడు, విజ్ఞుడు...”

“మిగతావాళ్ళంతా నాకు ధైర్యం చెప్తారు. ఆయన తన భయం చెప్తాడు. ఆయన్నే పంపు.”

పంపుతున్నాను. స్టూలు మీద నేను ఉంటానన్న హామీ నెరవేరలేదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

మామయ్య


ఆగస్టు 24

మామయ్యా,

నిన్న పడవలో నీ ఉత్తరం వచ్చింది. ‘వాడు రెండుసార్లు వచ్చి నీళ్ళు నమిలాడు’ అన్న చోట ఆగిపోయాను. నేను రాసిన మాటలు వెనక్కి తీసుకునే వీలు నీ ఆఫీసు పద్ధతుల్లో ఉంటే తీసుకుంటున్నాను. గుళ్ళూ గోపురాల దగ్గర్నుంచి కిందదాకా మొత్తం.

ఈ ఉత్తరం నీకు ఆపరేషను అయిపోయాక అందుతుంది. అందుకని ధైర్యాలేమీ చెప్పను. పొద్దున గాలి ఎక్కువగానే ఉంది, ఎర్రజెండా ఎగరేశాను. ఒక ముసలాయన దీవి ఒడ్డు నుంచి చేతులు ఊపి ఊపి బతిమాలాడు, ఎవరి పెళ్ళికో సరుకు అందించాలట. కుదరదని చేత్తోనే చెప్పాను. ఆయన తిట్టాడు. గాలికి వినబడలేదు గాని, నోరు చూస్తే తెలుస్తుంది.

ఇరవయ్యారు పొద్దున కూడా జెండా ఎగరేస్తాను. గాలి ఏ రంగు చెబితే ఆ రంగు. అమ్మ కోసం ఆకుపచ్చ వేయాలని ఎంత అనిపించినా సరే. వేయను. అలా ఉండటమే ఆ రోజున నేను అమ్మ దగ్గర ఉండటం అని నాకు నేను చెప్పుకున్నాను. ఇది నమ్మకమా, లెక్కా, ఏదో నాకే తెలియదు. మీ సంఘంలో దీనికి ఒక అసమ్మతి పత్రం పడుతుందేమో.

డ్రైవరు గారిని అడిగి అంతా రాయి. ఏమీ వదలకు.

నీ మేనకోడలు


ఆగస్టు 27

నా మేనకోడలికి,

ఫలితం ముందు: లేచింది. నిన్న మధ్యాహ్నం కళ్ళు తెరిచింది, ఈ ఉదయం గొట్టం తీశారు, తీసిన వెంటనే నర్సు చేత దిండు మూడుసార్లు సర్దించింది. తొమ్మిదిమందిలో ఒకతె. ఇప్పుడు కావాలంటే మెట్ల మీద కూర్చో.

ఇరవయ్యైదు సాయంత్రం నేను వరండాలో, అద్దాల తలుపుకు ఇవతల నిలబడ్డాను. చూడవచ్చు, వినబడదు. డ్రైవరు మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని, పొట్టయిన గౌనులో బిగుసుకుని లోపలికి వెళ్ళాడు. స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ సెలైను సీసా వైపే చూస్తున్నారు. నాకు లోపలికి వెళ్ళి చర్చ ప్రారంభించాలనిపించింది. తరువాత అతని చేతులు గాలిలో స్టీరింగు తిప్పసాగాయి. ఎడమకు, కుడికి, మళ్ళీ గట్టిగా ఎడమకు. మీ అమ్మ తల ఎత్తి వింటోంది.

బయటకు వచ్చాక అతని వాంగ్మూలం తీసుకున్నాను.

“ఆ కొండ మలుపు సంగతి చెప్పానండీ. వానలో తెల్లచీర మనిషి చెయ్యెత్తిందని. ‘దయ్యమని ఎలా తెలుసు?’ అందావిడ. పాదాలు నేలకి ఆనలేదండీ అన్నాను. ‘ఏమడిగింది?’ అంది. బండెక్కించుకోమందండీ అన్నాను. ‘భయమెయ్యలేదా?’ అంది. ఎందుకెయ్యదమ్మా, చేతులొణికాయి, గేరు పళ్ళు పటపటలాడాయి అన్నాను. ‘మరి ఎక్కించుకున్నారా?’ అంది.”

“ఏమన్నారు?” అన్నాను నేను. విచారణలో ఇంత ఆసక్తి తగదని తెలిసీ.

“ఎక్కించుకోకపోతే ఎలాగండీ? దయ్యమైతే మాత్రం! అంత చీకట్లో, అంత వానలో, ఒక్కత్తే నిలబడితే?”

ఆ మాటకు మీ అమ్మ అతని చెయ్యి పట్టుకుందట. గంట అయ్యేదాకా వదల్లేదట. “నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, మీరు చూసింది పొగమంచు అయి ఉంటుంది” అని కూడా అందట, చెయ్యి వదలకుండానే. “అయి ఉండొచ్చమ్మా. పొగమంచైనా ఎక్కించుకున్నాను” అన్నాడట ఇతను.

అద్దానికి అవతల ఆ చేతులు నేను చూశాను. ఆ చోట నేను ఉండవలసింది. ఉండి ఉంటే కవాటాల తయారీ మీద నేను సేకరించిన సమాచారం చదివి వినిపించేవాణ్ణి. మూడు పేజీలు జేబులో ఉన్నాయి.

తొలగింపు తీర్మానాన్ని ఉపసంహరించుకున్నాను. కారణం అనే చోట ఏం రాయాలో తోచక ‘పాలనా సౌలభ్యం’ అని రాశాను. డ్రైవరు దానికి అభ్యంతరం చెప్పాడు. చర్చ జరగకుండా తీర్మానం ఎత్తేయడం పద్ధతి కాదట. దయ్యాలున్నాయో లేవో ఓటుకు పెట్టాల్సిందేనట. వచ్చే ఆదివారం పెడుతున్నాం. నేను వ్యతిరేకంగా ఓటేస్తాను. అతనికి తెలుసు. నాకు టీ తెస్తానన్నాడు.

మామయ్య


సెప్టెంబరు 5

అమ్మాయీ,

నీ 24వ తేదీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. ఎర్రజెండా దగ్గర రెండోసారి చదవమంది. గోడ వైపు తిరిగి పడుకుని, కాసేపటికి, “ముసలాయన తిట్టాడట, పాపం” అని నవ్వింది. మీ ఇద్దరి బదులు మనుషులు వచ్చే పడవలో బయలుదేరుతున్నట్టు నీ ఆఫీసు నుండి కబురు. నీవు వచ్చేసరికి ఆమె వరండాలో నడుస్తుంటుంది; ఇప్పుడే పక్క మంచాలవాళ్ళచేత ఊపిరి బిగబట్టించే ప్రయత్నం చేస్తుంటే హెడ్ నర్సు పట్టుకుంది.

దయ్యాల ఓటింగు: మూడు, మూడు. దర్జీ డ్రైవరు పక్షం వహించాడు. కార్యదర్శికి నిర్ణాయక ఓటు ఉందని ఒకరు గుర్తు చేశారు. దానిని వాడకుండా సమావేశం ముగించాను. ఇది ఎందుకు చేశానో వివరణ అడగవద్దు.

ఈ లేఖకు అసలు కారణం వేరు. ఉదయం ఆసుపత్రి నుండి మనిషి వచ్చాడు. రేపు ఆపరేషను ఉన్న ఒక పెద్దాయన ఆ గడిలో గీత కొట్టించాడట. రేవులో క్రేను నడిపినవాడు. నా అనేవాళ్ళు లేరు. మా సంఘం పేరు జాబితాలో చూసి, “పంపితే పంపండి గాని, దేవుడున్నాడో లేడో ఆ గోలే ఎత్తని మనిషిని పంపండి. నాకు ఆ రెండు వైపులా తీరిక లేదు” అన్నాడట. ఈ రకం నాస్తికుడు మా ఆరుగురిలోనూ లేడు. సభ్యులందరూ కలిసి నా పేరు ప్రతిపాదించారు. డ్రైవరు బలపరిచాడు. నేను బంధువును కానందున అడ్డంకి లేదని సూపరింటెండెంటు కూడా చిరునవ్వుతో ధ్రువీకరించాడు.

వద్దన్నాను. నలభై ఏళ్ళుగా ఆ ఒక్క విషయమే మాట్లాడుతున్నవాణ్ణి, అది తీసేస్తే నా దగ్గర ఏముంటుంది? మీ అమ్మ మంచం దగ్గరికి వెళ్ళి అదే చెప్పాను.

“ఆయనకి భయంగా ఉందా?” అంది.

“ఉండి ఉంటుంది. చెప్పలేదట.”

“అయితే వెళ్ళు. రాసుకుని వెళ్ళకు. జేబులో కాగితాలుంటే ఇలా ఇచ్చేయ్. ఆయన అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరికే కూర్చో.”

“ఊరికే కూర్చోవడం నాకు రాదక్కా.”

“రాదని నాకు తెలీదా? ఈత కూడా రాలేదు నీకు, తోసేదాకా. లే, టైమవుతోంది.”

కాగితాలు ఆమెకు ఇచ్చేశాను. ఈ ఉత్తరం అద్దాల తలుపు బయట బెంచీ మీద రాస్తున్నాను. లోపల ఆయన కనబడుతున్నాడు. పెద్ద చేతులు, దుప్పటి మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మాటిమాటికీ మారుస్తున్నాడు. తలుపు వైపే చూస్తున్నాడు. హెడ్ నర్సు గౌను పట్టుకుని నిలబడింది, మోచేతుల దాకా కడుక్కోమంటోంది.

క్రేన్ల గురించి నాకు ఏమీ తెలియదు. అడుగుతాను.

మామయ్య